అప్‌డేట్: పారిస్‌లో లూవ్ర్, ఓర్సే ఏ రోజు పెట్టుకోవాలి?

పారిస్‌లో ఈ రెండు మ్యూజియంలూ హడావుడి లేకుండా ఎలా చూడాలని అడిగాను కదా, మీ జవాబులతో తేలింది ఇది. లూవ్ర్‌కి మంగళవారం సెలవు, ఓర్సేకి సోమవారం. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా, ఓర్సే గురువారం 9.45 దాకా ఉంటాయి. సాయంత్రం జనం పలచబడతారు కాబట్టి బుధవారం లూవ్ర్, గురువారం ఓర్సే.

లూవ్ర్ టికెట్ టైమ్ స్లాట్‌తో ఆన్‌లైన్‌లోనే కొనండి. 2026 జనవరి నుంచి యూరప్ బయటివాళ్లకి 32 యూరోలు, 18 ఏళ్లలోపు పిల్లలకి ఉచితం. 55×35×20 సెంటీమీటర్లు దాటిన బ్యాగు లోపలికి రానివ్వరు, స్టేషన్ నుంచి సూట్‌కేసుతో నేరుగా వెళ్తే వెనక్కి రావాల్సిందే.

మోనాలిసా లూవ్ర్‌లోని డెనాన్ అనే వింగ్‌లో, 711వ గదిలో. బొమ్మ 77×53 సెంటీమీటర్లే, పైగా గాజు వెనక! ఎదురుగోడ మీద వెరోనీస్ గీసిన కానా పెళ్లివిందు (బైబిల్ కథలోని దృశ్యం) దాదాపు 10 మీటర్ల వెడల్పు, లూవ్ర్‌లోకెల్లా పెద్ద పెయింటింగ్. అందరూ దానికి వీపు పెట్టి సెల్ఫీలు దిగుతుంటారు. నన్నడిగితే ఎక్కువసేపు నిలబడాల్సింది దాని ముందే.

ఓర్సేలో మాత్రం ముందు 5వ అంతస్తుకి ఎక్కేయండి, మోనే, రెన్వార్ లాంటి చిత్రకారుల బొమ్మలు అక్కడే. మిగతావి దిగుతూ చూడొచ్చు.