ఎండాకాలం మొదట్లో గులాబీని కత్తిరించవచ్చా?

నల్గొండ నుంచి:
శివరాత్రి దాటినప్పటి నుంచి మా ఇంటి పూలతోట తీరే మారిపోయింది. చామంతి, బంతి ఎండిపోతున్నాయి. గులాబీలు రూపాయి బిళ్లంత చిన్నవై, విచ్చుకున్న నాడే రేకుల అంచులు మాడుతున్నాయి. మల్లె మాత్రం మొగ్గ తొడిగింది. గులాబీని, మందారాన్ని ఇప్పుడు సగానికి కత్తిరిస్తే కొత్త చిగురుతో తేరుకుంటాయని నర్సరీవారు చెప్పారు. వానలు పడేదాకా కత్తెర ముట్టవద్దని మా అత్తమ్మ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

మహబూబ్‌నగర్ నుంచి:
అమ్మా, మీ అత్తమ్మగారి మాటే సరైనదని నా గట్టి అభిప్రాయం. మన జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటప్పుడు గులాబీకి తన ఆకే గొడుగు. దాన్ని తీసేస్తే నేరుగా ఎండ తగిలి కాండం బెరడు మాడుతుంది, తొడిగిన లేత చిగురు వడగాలికి నిలవదు. పైగా ఆ చిగురును తామర పురుగులు (రసం పీల్చే అతి సన్నని పురుగులు) పట్టి, మొగ్గలు విచ్చుకోకముందే గిడసబారుతాయి. గులాబీని గట్టిగా కత్తిరించవలసింది వానలు వెనుకపట్టిన తర్వాత, అక్టోబరు ప్రాంతంలో. ఇప్పుడు ఎండు పుల్లలు, వాడిన పూలు తీసివేస్తే చాలు. పూలు చిన్నవవుతున్నాయని దిగులుపడకండి. ఈ కాలంలో మొక్క ప్రాణం నిలుపుకుంటే అదే పదివేలు.

ఆకు అడుగుభాగాన్ని ఒకసారి తిప్పి చూడండి. సాలెగూడు లాంటి సన్నని బూజు, దాని మధ్య కదిలే ఎర్రటి చుక్కలు కనిపిస్తే అది ఎర్రనల్లి. పొడి వేడిలో త్వరత్వరగా పెరుగుతుంది. ఉదయం పూట ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు తగ్గుతుంది. ఇక మల్లె సంగతి వేరు. దాని పూలు కొత్త కొమ్మలకే వస్తాయి కనుక చలికాలంలోనే కత్తిరించి ఉండాలి. మొగ్గ తొడిగిన తర్వాత కత్తిరిస్తే ఆ పూతంతా పోతుంది.

మిర్యాలగూడ నుంచి:
మహబూబ్‌నగర్ అన్నగారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. గులాబీ విషయంలో వారన్నది నిజమే. కానీ మల్లెలో మొదటి పూత అయిపోగానే కొమ్మల కొనలు నాలుగు వేళ్ల మేర తుంచి, నీళ్లు, పశువుల ఎరువు ఇస్తే మళ్లీ మొగ్గ వస్తుంది. అలాగే మందారానికి కొనలు గిల్లినంత మాత్రాన ఏ నష్టమూ ఉండదు. అయినా కత్తెర కంటే నీరే అసలు సమస్య అని నేననుకుంటాను. మొగ్గలు రాలడానికి చాలాసార్లు కారణం ఒకనాడు ఎండబెట్టి మరునాడు ముంచెత్తడమే. బోరు నీళ్లు పోసేవారు కుండీ అంచున తెల్లని ఉప్పు పేరుకుంటున్నదేమో గమనించి, అప్పుడప్పుడు మంచినీటితో మట్టిని అడుగుదాకా కడగాలి. మా ఊళ్లో బియ్యం మిల్లులు ఎక్కువ కనుక వరి ఊక సులువుగా దొరుకుతుంది. దాన్ని మొక్క మొదలు చుట్టూ పరిస్తే తేమ ఆగుతుంది.

మహబూబ్‌నగర్ నుంచి:
కొనలు గిల్లడం మీద నాకు అభ్యంతరం లేదు. సగానికి నరకడం మీదే. మా వైపు ఊకకు బదులు పల్లి పొట్టు పరుస్తాము. కుండీలు మిద్దె మీద ఉంటే వాటి కింద ఇటుకలు పెట్టాలి, ఎందుకంటే కాలిన స్లాబు వేడి నేరుగా వేళ్లకు తగులుతుంది. ఎండిపోయిన బంతిని పీకేసి ఆ చోట గడ్డి గులాబీ నాటితే మండుటెండలోనే పూస్తుంది. చామంతిని మాత్రం పీకకండి. పూసిన కొమ్మను నేలకు దగ్గరగా కోసివేసి, మొదలు దగ్గర వచ్చే పిలకలను నీడలో కాపాడితే వానాకాలంలో అవే నారుగా పనికివస్తాయి.