వార్డు మీటింగ్ ఎప్పుడు పెడతారో మీకెలా తెలుస్తుంది?

మూడోఅంతస్తు:
అందరికీ నమస్తే. నిన్న పాలప్యాకెట్ కోసం కిందికి దిగితే, మా వార్డు మీటింగ్ పోయిన ఆదివారమే అయిపోయిందని కిరాణా షాపాయన చెప్పాడు. మా వీధికి వాననీటి డ్రెయిన్ శాంక్షన్ అయిందట. అదీ ఆయనే చెప్పాడు. జిల్లా ఎడిషన్ రోజూ తిరగేస్తాను, అందులో రాలేదు. నోటీసు అంటించినట్టు కూడా లేదు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టారట గానీ అందులో ఓనర్లనే ఉంచుతారు, నేను అద్దెకుంటున్నాను. మీ వార్డు కబుర్లు మీకెక్కడ తెలుస్తాయి? మీటింగ్‌కి ఎవరైనా వెళ్ళొచ్చా? వెళ్తే ఏమైనా ఒరుగుతుందా? ఊరి పేరు రాయను, ఇక్కడ అందరూ అందరికీ తెలుసు.

పాతబకెట్:
మీకు డ్రెయిన్ వచ్చింది, సంతోషించండి. మా సందు చివర స్తంభానికి రెండు నెలలుగా లైటు లేదు. యాప్‌లో కంప్లయింట్ పెట్టాను. నాలుగో రోజు "పరిష్కరించబడింది" అని మెసేజ్, కింద వెలుగుతున్న లైటు ఫొటో. ఆ స్తంభం మాది కాదు! మా స్తంభానికి కోచింగ్ సెంటర్ బోర్డు కట్టి ఉంటుంది, ఆ ఫొటోలో బోర్డే లేదు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే ఫొటో.

లక్ష్మీనిలయం204:
లైటు సంగతి సరే. అసోసియేషన్ గ్రూపులో ఓనర్లే ఉంటే తప్పేముందండీ? ఇంటి పన్ను కట్టేది మేము, మోటారు కాలితే చందా వేసుకునేది మేము. అద్దెకున్నవాళ్ళు పదకొండు నెలలకి వెళ్ళిపోతారు. పోయినేడాది అందరినీ చేర్చాం. ఏమైంది? పొద్దున్నే గుడ్ మార్నింగ్ పూలు, రాత్రికి లోన్ ఇప్పిస్తామంటూ మెసేజ్‌లు.

అద్దెకొంప:
గుడ్ మార్నింగ్ పూలు పంపేది అద్దెకున్నవాళ్ళేనా మేడమ్? మా గ్రూపులో రోజూ పంపేది ప్రెసిడెంటు గారే. ఇక పన్ను మాట. హైదరాబాద్‌లో ఇంటి పన్ను లెక్కే అద్దె విలువ మీద కడతారు. మీ ఫ్లాటుకి చదరపు అడుగుకి నెలకు ఇంత అద్దె వస్తుందని వేసుకుని, దాని మీద పన్ను. ఆ అద్దె ఇచ్చేది ఎవరు? నేను. ఏప్రిల్‌లో ముందే కట్టేస్తే వచ్చే 5 శాతం తగ్గింపు మాత్రం ఎవరి జేబులోకి? మీ జేబులోకి. ఏడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాను. మా ఓనరు ఈ ఏడేళ్ళలో రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ అద్దె పెంచడానికే.

లక్ష్మీనిలయం204:
మీ ఓనరు మీద కోపం నా మీద చూపించకండి.

ఎంబుక్‌మాష్టారు:
నేను మున్సిపల్ సర్వీసులో 31 ఏళ్ళు చేసి దిగినవాణ్ణి. ఇక్కడ అందరూ రెండు వేరు వేరు వస్తువుల్ని ఒకే గంపలో వేస్తున్నారు. కాలనీ అసోసియేషన్ రిజిస్టర్డ్ సొసైటీ, దాని రూల్సు దానివి. వార్డు కమిటీ చట్టంలోది. రాజ్యాంగంలో 243ఎస్ అని ఉంది, చదువుకోండి. 3 లక్షల జనాభా దాటిన ఊళ్ళో వార్డు కమిటీలు ఉండాలి అని. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టంలో అయితే ఒక్కో వార్డుకి నాలుగు కమిటీలు: యువకులు, మహిళలు, పెద్దవాళ్ళు, ప్రముఖులు. ఒక్కోదాన్లో 15 మంది. ఆ చట్టం గ్రేటర్ హైదరాబాద్‌కి వర్తించదు, అక్కడ 1955 చట్టం. ముందు మీరు ఏ చట్టం కింద ఉన్నారో చెప్పకుండా "ఎవరైనా వెళ్ళొచ్చా" అని అడిగితే నేనేం చెప్పను?

మూడోఅంతస్తు:
అంటే వెళ్ళొచ్చా, వెళ్ళకూడదా మాష్టారూ?

బెజవాడబుల్లోడు:
అరవై మంది కమిటీ ఉండీ కబురు కిరాణా కొట్టు నుంచే వస్తోందంటే అబ్బో. మాకు ఆంధ్రలో ఇదంతా లేదండీ. 2019 అక్టోబర్ 2 నుంచి వార్డు సచివాలయాలొచ్చాయి, సుమారు 4 వేల మందికి ఒకటి. ఏ పనికి ఆ సెక్రటరీ. మా మేడమీద నీళ్ళు రాకపోతే ఎమినిటీస్ సెక్రటరీకి చెప్పా. కుర్రాడు బైకేసుకొచ్చి వాల్వు చూసి, రోడ్డు మీద లీకు పట్టుకుని, మూడోరోజుకి చేయించాడు. టీ తాగమంటే తాగలేదు. మంచిది కూడా చెప్పుకోవాలి గదా.

ఉప్పుగాలి:
బుల్లోడు గారూ, ఆ ఏర్పాటు తర్వాత వచ్చిన చెత్త పన్ను మర్చిపోయారా? 2021లో మొదలెట్టి ఇంటికి నెలకు 120 రూపాయల దాకా అన్నారు. వైజాగ్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్ళం ఎనిమిది మంది వెళ్ళి నిలబడ్డాం. 2024లో అది పోయిందనుకోండి. దానికి ముందు ఇంటి పన్నుని అద్దె విలువ నుంచి ఆస్తి విలువకి మార్చారు, ఏడాదికి 15 శాతం మించి పెరగదని హామీ. పదిహేను మించకపోతే ఏంటమ్మా, ప్రతి ఏడూ పదిహేను వేసుకుంటూ పోతే అయిదేళ్ళకి రెట్టింపు కాదా? ఈ లెక్క మా వీధిలో ఒక్కళ్ళూ వేయలేదు. నేను కాయితం మీద వేసి చూపిస్తే అప్పుడు లేచారు.

బెజవాడబుల్లోడు:
నేను నీళ్ళ పైపు గురించి చెప్పానండీ. పార్టీ గురించి కాదు.

ఉప్పుగాలి:
పార్టీ అని నేనెక్కడన్నాను?

నిర్వాహకులు:
పార్టీలు వద్దు. కార్పొరేటర్ల పేర్లు, కాలనీల పేర్లు కూడా వద్దు. రెండు పోస్టులు తీసేశాం, ఎవరివో వాళ్ళకి తెలుసు.

కుండీమొక్క:
మూడోఅంతస్తు గారూ, మీటింగ్ గురించి ఎదురు చూడకండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయలు. నేను మా వీధి సిమెంటు రోడ్డు మీద పెట్టాను. నాలుగే అడిగాను: ఎస్టిమేట్ కాపీ, వర్క్ ఆర్డర్ కాపీ, ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీ, చెల్లించిన బిల్లు కాపీ. "రోడ్డు ఎందుకు బాగాలేదు" అని అడిగితే జవాబు రాదు, ఎందుకు అనేది సమాచారం కాదంటారు. కాగితం పేరు చెప్పి అడగాలి. 30 రోజులు దాటాక మొదటి అప్పీలు వేస్తే అప్పుడు కదిలారు, పేజీకి 2 రూపాయలు కట్టించుకుని ఇచ్చారు. ఎస్టిమేట్లో మందం 20 సెంటీమీటర్లు. నేను స్కేలు పెట్టి కొలిస్తే 13! మా అత్తగారు టార్చి పట్టుకున్నారు.

ఎంబుక్‌మాష్టారు:
అమ్మా, ఎక్కడ కొలిచారు? అంచు దగ్గరా? అంచు కొలత కొలత కాదు. అంచున సెంట్రింగు పలక కింద మట్టి పైకి లేచి ఉంటుంది, సరిగా కనబడదు. కోర్ తీయాలి, అంటే రోడ్డుకి గుండ్రంగా రంధ్రం వేసి లోపలి ముక్క బయటికి తీయాలి, మధ్యలో, రెండు మూడు చోట్ల. నేను సంతకం పెట్టిన ఎం.బుక్ మీద 31 ఏళ్ళలో ఒక్క ఆడిట్ పేరా, అంటే ఆడిట్ వాళ్ళ అభ్యంతరం, రాలేదు.

కుండీమొక్క:
మాష్టారూ, మీ సంతకం గురించి నేను మాట్లాడానా? అంచు దగ్గర కాదు, పైపు కోసం మధ్యలో తవ్వినచోట కొలిచాను. రోడ్డు వేసిన పంతొమ్మిదో రోజున వేరే శాఖవాళ్ళు వచ్చి అడ్డంగా కోసేశారు, అందువల్లే నాకు లోపలి మందం కనబడింది. దాని కోసం వాళ్ళకి థ్యాంక్స్ చెప్పాలి.

ఎంబుక్‌మాష్టారు:
మధ్యలోనైతే ఒప్పుకుంటాను. అలాంటప్పుడు శాంపిల్ కూడా అడగొచ్చు. సమాచార హక్కు చట్టం 2(జె)లో పనులు తనిఖీ చేయడం, ధ్రువీకరించిన నమూనాలు తీసుకోవడం కూడా ఉంది. జనానికి తెలియదు.

పాతబకెట్:
లైటుకి ఎం.బుక్ ఉంటుందా మాష్టారూ?

అద్దెకొంప:
మళ్ళీ అసలు విషయానికి వస్తున్నా. లక్ష్మీనిలయం మేడమ్ జవాబు చెప్పలేదు. వార్డు ఓటర్ల జాబితాలో నా పేరుంది. మున్సిపల్ జాబితాని అసెంబ్లీ జాబితా నుంచే తయారు చేస్తారు, అందులో ఉండడానికి ఇల్లు సొంతం కానక్కర్లేదు, అక్కడ నివాసం ఉంటే చాలు. కార్పొరేటర్‌ని ఎన్నుకోవడానికి పనికొచ్చినవాణ్ణి, డ్రెయిన్ ఎటు తీయాలో వినడానికి పనికిరానా?

లక్ష్మీనిలయం204:
వినండి, ఎవరు వద్దన్నారు? డ్రెయిన్ మా గేటు ముందు నుంచి పోతుంది, ర్యాంపు పగలగొట్టేది మాది. అయినా ఓటు హక్కు గురించి చెప్తున్నారు కదా, 2020లో హైదరాబాద్‌లో ఎంతమంది ఓటేశారో చూడండి. 46.55 శాతం. ఇంట్లో కూర్చున్న మిగతా సగంలో అద్దెకున్నవాళ్ళు ఎంతమందో!

అద్దెకొంప:
ఓనర్లు ఎంతమందో కూడా చెప్పండి మేడమ్, లెక్క మీ దగ్గరుందేమో. సెలవిస్తే ఊళ్ళకి కార్లేసుకుని పోయేది ఎవరో మా వాచ్‌మన్‌ని అడిగితే చెప్తాడు.

చార్మినార్‌చాయ్:
అన్నా, ఓటేస్తందుకు ఎలక్షన్లు ఉండాలె గదా ముందు. మీరు చిన్నోళ్ళు, మీకు తెల్వదు. 1986ల కార్పొరేషన్ ఎలక్షన్లయినై, మళ్ళ 2002లనే. నడుమ ఎన్ని ఏండ్లు ఆఫీసర్లే నడిపిన్రో లెక్క పెట్టుకోండ్రి. మా నాయిన అప్పుడు నల్లా కనెక్షన్ కోసం తిరుగుతే అడగడానికి కార్పొరేటర్ అనేటోడే లేడు. ఇప్పుడు కార్పొరేటర్ మాట వింటలేడని ఏడుస్తున్నం. అప్పుడు ఏడ్వడానికీ మనిషి లేకుండె.

జయనగర్‌బాబాయ్:
మా బెంగళూరు కథ వేరేలా ఉందా ఏంటి? 2015లో ఎన్నికైన కౌన్సిల్‌కి 2020 సెప్టెంబర్‌లో గడువు తీరింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అధికారుల పాలనే. 2025లో ఊరిని ఐదు కార్పొరేషన్లు చేశారు. ఏ కార్పొరేషన్ కిందకి వచ్చామో కనుక్కోవడానికే మా బిల్డింగ్ వాళ్ళకి ఒక మీటింగ్ పట్టింది.

టెక్సాస్‌పిన్ని:
ఇక్కడ మా సిటీ కౌన్సిల్ మీటింగ్ ఎజెండా ముందే నెట్‌లో పెడతారు. ఎవరైనా పేరు రాయించుకుని మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. నేను వెళ్ళాను, పార్కులో క్రికెట్ పిచ్ కోసం. మూడు నిమిషాలు అవ్వగానే గంట కొట్టేశారు. అసలు పాయింటు దగ్గరికి వచ్చేసరికి! మనకి నమస్కారాలకే రెండు నిమిషాలు పోతాయి కదా.

పాతబకెట్:
పిచ్ వచ్చిందా పిన్నిగారూ?

టెక్సాస్‌పిన్ని:
పరిశీలిస్తామన్నారు. ఆ మాట ఎక్కడైనా ఒకటే.

ఎంబుక్‌మాష్టారు:
మూడోఅంతస్తు గారూ, మీ ప్రశ్నకి ఎవరూ సరిగా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. శాంక్షన్ అన్న మాట విని సంబరపడకండి. మీటింగ్‌లో "శాంక్షన్ అయింది" అని చెప్పే పని చాలాసార్లు ఎస్టిమేట్ దశలోనే ఉంటుంది. ఏ.ఈ. (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి కొలతలు తీయాలి, పైవాళ్ళు మంజూరు చేయాలి, టెండర్ పిలవాలి, ఒప్పందం అవ్వాలి. మీరు అడగాల్సిన మాట ఒక్కటే: "టెండర్ అయిందా సార్?" అయిందంటే తేదీ అడగండి. ఇది మీటింగ్‌లోనే అడగాలని లేదు. సోమవారం ప్రజావాణికి కాగితం మీద రాసి ఇచ్చి నంబరు తీసుకోండి. ఆంధ్రలో కూడా సోమవారమే, పేరు వేరు. నోటిమాటగా ఎవరికీ చెప్పొద్దు. నంబరు లేని అర్జీకి నేనెప్పుడూ జవాబు రాయలేదు, ఎవరూ రాయరు.

కుండీమొక్క:
31 ఏళ్ళలో మీరు చెప్పిన మొదటి ఉపయోగపడే మాట మాష్టారూ. కోపం తెచ్చుకోకండి.

ఎంబుక్‌మాష్టారు:
తెచ్చుకోలేదమ్మా. బీపీ మాత్ర వేసుకుని వచ్చాను.

గేటుదగ్గరకుక్క:
పేరు చూసి నవ్వకండి, సమస్య అదే. మా గేటు దగ్గర ఆరు కుక్కలు. ఆపరేషన్‌కి పట్టుకెళ్ళి వారానికి మళ్ళీ అక్కడే వదిలారు. అడిగితే రూలు అదేనంటున్నారు. నిజమా?

చార్మినార్‌చాయ్:
నిజమే తమ్మీ. 2023 ఏబీసీ రూల్స్, కుక్కలకు పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేసే రూల్స్. వీధిల ఏడ పట్టిండ్రో ఆడనే ఇడ్వాలె. కొత్త దాంట్ల పెట్టుర్రి, ఈడ డ్రెయిన్ నడుస్తుంది.

లక్ష్మీనిలయం204:
అద్దెకొంప గారూ, మా కమిటీలో మాట్లాడాను. అద్దెకున్నవాళ్ళకి వేరే గ్రూపు పెడతాం, అందులో నోటీసులు మాత్రం వేస్తాం, రిప్లై ఆఫ్ చేసి. సరేనా?

అద్దెకొంప:
నోరు కట్టేసి చెవులు మాత్రం ఇస్తారన్నమాట. సరే, ముందు చెవులే రానివ్వండి.

మూడోఅంతస్తు:
అప్‌డేట్. మాష్టారు చెప్పినట్టు సోమవారం రాసి ఇచ్చాను, నంబరు వచ్చింది. టెండర్ ఇంకా కాలేదట. మీటింగ్ గురించి ఆ కిరాణా ఆయనకే ముందు ఎలా తెలుస్తుందో కూడా తెలిసింది. ఆ రోజు టీ, ఉస్మానియా బిస్కెట్లు ఆయన షాపు నుంచే వెళ్తాయి. వచ్చే మీటింగ్‌కి ఎప్పుడు ఆర్డర్ వస్తే అప్పుడు చెప్తానన్నాడు. ఫోన్ నంబరు ఇచ్చి వచ్చాను. ఇంకో చిన్న డౌటు, ఇల్లు మారితే ఓటు మార్చడానికి ఫారం 6 ఆ, 8 ఆ?

అద్దెకొంప:
8.

పాతబకెట్:
మా లైటు వెలిగిందండోయ్! మధ్యాహ్నం పన్నెండున్నరకి. ఫొటో కూడా తీశాను, కోచింగ్ సెంటర్ బోర్డు కనబడేలా. రాత్రి కూడా వెలుగుతుందేమో చూసి చెప్తా.