నెలలు నిండని పాప, నిద్రపోని తల్లి: ముందు ఎవరిని చూపించాలి?

ప్రశ్న (పర్లాకిమిడి):
మా పాప 31వ వారంలోనే పుట్టింది. బరంపురంలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో ఉంచి, బరువు పెరిగాక ఇంటికి పంపారు. ఇప్పుడు నాలుగో నెల నిండుతోంది. పాలు తాగుతోంది కానీ నవ్వదు, మెడ నిలపదు. అదే నెలలో పుట్టిన పక్కింటి బాబును చూసినప్పుడల్లా నా భార్య కుమిలిపోతోంది. పాప నిద్రపోతున్నా తాను పడుకోదు. ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చుంటుంది. పలకరిస్తే పాప ముఖం తిప్పుకుంటుందని, తానంటే ఇష్టం లేదని ఏడుస్తుంది. ఆశా కార్యకర్త ఒడియాలో అడిగే ప్రశ్నలకు, పలాస నుంచి వచ్చిన నా భార్య తల ఊపి ఊరుకుంటుంది. బాలింతలకు ఇది మామూలేనని మా అమ్మ అంటోంది. ముందు పాపను చూపించాలా, తల్లిని చూపించాలా? మందులు వాడితే పాలు మాన్పించాలా?

జవాబు (బరంపురం, శిశువిభాగంలో నర్సు):
ఇద్దరినీ ఒకే ప్రయాణంలో చూపించండి. పాప వయసును పుట్టిన రోజు నుంచి కాక, 40 వారాలు నిండవలసిన రోజు నుంచి లెక్కించాలి. రెండేళ్ల వరకు ఎదుగుదలను ఇలాగే చూస్తారు. మీ పాప తొమ్మిది వారాలు ముందు పుట్టింది కనుక, ఆ లెక్కన ఆమెకు సుమారు రెండు నెలలే. నవ్వు మొదలయ్యే సమయమిదే, మెడ పూర్తిగా నిలవడానికి ఇంకా వ్యవధి ఉంది. పక్కింటి బాబుతో పోలిక అసలు కుదరదు. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి. కంటి రెటీనా పరీక్ష, వినికిడి పరీక్ష జరిగాయో లేదో డిశ్చార్జి కాగితంలో చూడండి. జరగకపోతే ఆలస్యం చేయవద్దు.

ముఖం తిప్పుకోవడం గురించి మీ భార్యకు నిదానంగా చెప్పండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు తొందరగా అలసిపోతారు. వెలుతురు, మాట, స్పర్శ ఒకేసారి ఎక్కువైతే ఆవలిస్తారు, వేళ్లు చాస్తారు, ఎక్కిళ్లు పెడతారు, చూపు మరలుస్తారు. అది విశ్రాంతి కోరడమే కానీ తల్లిని వద్దనడం కాదు. దాన్ని తిరస్కారమని భావించిన తల్లి పలకరించడం తగ్గిస్తుంది. మాటలు తగ్గితే బిడ్డ స్పందించే అవకాశాలు తగ్గుతాయి. ఆ మౌనాన్ని చూసి తల్లి మరింత కుంగుతుంది. తల్లి మనసుకు చేసే వైద్యం బిడ్డ ఎదుగుదలకూ వైద్యమని మేము చెప్పేది ఇందుకే.

కాన్పయిన మొదటి రెండు వారాల్లో వచ్చే కన్నీళ్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. నాలుగో నెలలోనూ ఇలా ఉంటే మామూలని వదలకూడదు. బాలింతల్లో కుంగుబాటును గుర్తించే 10 ప్రశ్నల ఎడిన్‌బరో పట్టికతో పరీక్షించమని అడగండి, ఆ ప్రశ్నలు తెలుగులోనే అడిగించండి. కుంగుబాటుకు పాలిచ్చే తల్లులకు ఇవ్వదగిన మందులు, ఉదాహరణకు సెర్ట్రలిన్, ఉన్నాయి. సాధారణంగా పాలు మాన్పించనక్కరలేదు, కానీ ఏ మందు అనేది వైద్యులే నిర్ణయించాలి. తనకు గానీ పాపకు గానీ హాని చేసుకోవాలనే ఆలోచన వస్తోందన్నా, లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒంటరిగా వదలక ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

జవాబు (గుణుపురం):
తమ్ముడూ, మా బాబూ నెలలు నిండకుండా పుట్టినవాడే. నాకు మాత్రల కన్నా ముందు పనిచేసింది రాత్రి నిద్ర. పాలు పిండి ఉంచితే, ఒక పూట మా ఆయన గిన్నె, చెంచాతో పట్టేవారు. ఆ కాసేపు నేను వేరే గదిలో పడుకునేదాన్ని. మీ అమ్మగారికి కోపం రాకుండా, ఆ పని మీరే తీసుకోండి. "మా కాలంలో ఇవన్నీ లేవు" అనే మాట ఎలాగూ వస్తుంది, వినేసి ఊరుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రెటీనా పరీక్ష అయినట్టు కాగితంలో ఉంది. అయితే మానసిక వైద్యుని దగ్గరకు వెళితే ఊరంతా తెలుస్తుందని ఆమె భయపడుతోంది.

జవాబు (బరంపురం, శిశువిభాగంలో నర్సు):
2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆమె వివరాలను గోప్యంగా ఉంచాలి. ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఇంటి నుంచే ఫోను చేయించండి. అది ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగును ఎంచుకోవచ్చు. ఆమె మాట్లాడేటప్పుడు మీరు పాపను ఎత్తుకుని బయట వరండాలో ఉండండి, ఇంట్లోవాళ్లు వింటుంటే ఆమె మళ్లీ తల ఊపి ఊరుకుంటుంది.