నాలుగో స్టేజి లంగ్ క్యాన్సర్: పొలం అమ్మి ఇమ్యునోథెరపీ చేయించాలా, వద్దా?

గుండ్లకమ్మ_ఒడ్డు:
మాది ప్రకాశం జిల్లా. నాన్నకి 63 ఏళ్లు. జీవితమంతా పొగాకు పండించారు గానీ ఆయన బీడీ, చుట్ట ఏదీ ముట్టలేదు. దగ్గు తగ్గకపోతే మొదట టీబీ అనుకుని మందులు వాడించారు, ఆ తర్వాత ఆయాసం మొదలై ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే హైదరాబాద్ తీసుకొచ్చాం. బయాప్సీలో అడినోకార్సినోమా (లంగ్ క్యాన్సర్‌లో ఒక రకం) అని వచ్చింది, పెట్ స్కాన్‌లో లివర్, ఎముకల్లో కూడా కనిపించింది. నాలుగో స్టేజి అన్నారు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కీమోతో పాటు ఇమ్యునోథెరపీ (ఒంట్లో ఉన్న రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే మందు) కూడా వెంటనే మొదలుపెడదాం, మూడు వారాలకోసారి, పనిచేస్తే రెండేళ్ల దాకా అంటున్నారు. ఒక్కో డోసు లక్షల్లో ఉంది. మాకున్నది రెండున్నర ఎకరాలు. అన్నయ్య అమ్మేద్దామంటున్నాడు. అక్క వద్దంటోంది, పూర్తిగా నయం కాదని డాక్టరే చెప్పాక రేపు అమ్మ ఎలా బతకాలి అని. జీన్ టెస్టుకి శాంపిల్ పంపారు, రిపోర్టుకి రెండు మూడు వారాలట, అప్పటిదాకా ఆగడం అన్నయ్యకి ఇష్టం లేదు. నాన్నకి ఇంకా జబ్బు పేరు చెప్పలేదు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరైతే ఏం చేస్తారు?

ఓరుగల్లు_వాసి:
అమ్మేయండి బ్రదర్. మా అమ్మకి కూడా నాలుగో స్టేజే. కీమో, ఇమ్యునో కలిపి ఇచ్చారు. మూడో ఏడు నడుస్తోంది, తన పని తను చేసుకుంటోంది, మొన్న మా చెల్లి సీమంతం దగ్గరుండి చేయించింది. మేం ప్లాటు అమ్మాం, ఇప్పటికీ బాధ లేదు. పొలం మళ్లీ కొనుక్కోవచ్చు. చేయగలిగి కూడా చేయించలేదన్న బాధ ఉంటుందే, అది మనిషిని జీవితాంతం వదలదు.

కోటప్పకొండ_గాలి:
ఓరుగల్లు గారి అమ్మగారు బాగున్నందుకు నిజంగా సంతోషం. కానీ నా మాట కూడా వినండి. మా పెదనాన్నకి ఇదే జబ్బు, ఇదే స్టేజి, ఇదే మందు. రెండో డోసు తర్వాత ఊపిరితిత్తులు వాచి ఐసీయూలో పెట్టారు, నెల తిరగకుండానే పోయారు. పొలం పోయింది, పైన అప్పు మిగిలింది, మా తమ్ముడు ఇంజనీరింగ్ మధ్యలో ఆపేసి గోడౌన్‌లో పనికి చేరాడు. పెద్దమ్మ ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది, చేతిలో సొంతంగా రూపాయి లేదు. బాగుపడినవాళ్ల కథలు అందరూ చెప్పుకుంటారు, మా ఇంటిలాంటి కథ ఎవరూ చెప్పుకోరు. నాకైతే మీ అక్కే నిజం మాట్లాడుతోంది అనిపిస్తోంది. పొలం మీ అన్నయ్యదో మీదో కాదు, ముందు మీ అమ్మది.

డే_కేర్_నర్సు:
నేను క్యాన్సర్ డే కేర్‌లో చాలాకాలంగా పనిచేస్తున్నాను. నా మాట మీ డాక్టరు మాటకి బదులు కాదు, కానీ డాక్టరు దగ్గరికి ఏ ప్రశ్నలతో వెళ్లాలో మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపికగా చదవండి.

పొలం అమ్మాలా వద్దా అని ఈ రోజు మీరు తేల్చుకోలేరు. ఆ రిపోర్టు రాకుండా ఎవరూ తేల్చలేరు. పైన ఇద్దరూ వాళ్ల వాళ్ల ఇళ్లలో జరిగింది చెప్పారు, రెండూ నిజమే అయ్యుంటాయి, కానీ ఆ ఇద్దరిదీ ఒకటే జబ్బు అయ్యుండకపోవచ్చు. లంగ్ క్యాన్సర్ అన్న ఒక్క పేరు కింద చాలా రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో మందు.

మీ నాన్నగారిది అడినోకార్సినోమా, పొగ అలవాటు లేదు. ఇలాంటివాళ్ల క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు ఉండే అవకాశం బాగా ఎక్కువ. మన దేశంలో అడినోకార్సినోమా వచ్చినవాళ్లందరినీ తీసుకున్నా సుమారు నాలుగో వంతు మందిలో అది కనిపిస్తుంది, పొగ తాగనివాళ్లలో ఇంకా ఎక్కువ. కొద్దిమందిలో ఏఎల్‌కే అనే మార్పు ఉంటుంది. ఇవి ఉంటే ఇంట్లో కూర్చుని రోజూ మింగే మాత్రలున్నాయి. గెఫిటినిబ్ జెనరిక్ ఇప్పుడు మామూలు కుటుంబం కూడా కొనుక్కోగలిగే ధరలో దొరుకుతోంది. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 350 మంది మీద చేసిన ట్రయల్ 2020లో వచ్చింది. గెఫిటినిబ్ ఒక్కటే ఇస్తే జబ్బు మళ్లీ పెరగడానికి మధ్యస్థంగా (అంటే సగం మందికి ఇంతకంటే తక్కువ, సగం మందికి ఎక్కువ) 8 నెలలు పట్టింది, దానికి పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ కీమో కలిపితే 16 నెలలు. కీమో కలిపినందుకు ఇబ్బందులు కూడా పెరిగాయి, అది కూడా చెప్పాలి. అయినా మన దేశంలో, మన పేషెంట్ల మీద, మన అందుబాటులో ఉన్న మందులతో వచ్చిన ఫలితం కాబట్టి దానికి నేను చాలా విలువ ఇస్తాను. ఒసిమెర్టినిబ్ ఇంకా మెరుగైన మాత్ర, ఖరీదూ ఎక్కువే. ఫ్లోరా అనే ట్రయల్‌లో అది వాడినవాళ్లు మధ్యస్థంగా 38.6 నెలలు బతికారు, పాత మాత్రలు వాడినవాళ్లు 31.8 నెలలు.

ఇప్పుడు అసలు విషయం. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవాళ్లకి ఇమ్యునోథెరపీ సరిగా పనిచేయదు. అంతేకాదు, ముందు ఇమ్యునో ఇచ్చేసి రిపోర్టు వచ్చాక వెంటనే ఒసిమెర్టినిబ్‌కి మారితే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం పెరుగుతుంది. అంటే తొందరపడి మొదలుపెడితే డబ్బు పోవడమే కాదు, తర్వాత ఇవ్వాల్సిన మంచి మందుకి కూడా అడ్డం పడొచ్చు. మీ అన్నయ్యకి ఈ ఒక్క ముక్క చెప్పండి.

ఓరుగల్లు_వాసి:
అక్కా, మరి అప్పటిదాకా ఏమీ చేయకుండా కూర్చోవాలా? ఆయాసంతో ఉన్న మనిషిని మూడు వారాలు అలా వదిలేస్తారా?

డే_కేర్_నర్సు:
వదిలేయమని నేను అనలేదండీ. ఆగలేని పరిస్థితి ఉంటే మొదటి డోసు కీమో మాత్రమే ఇచ్చి, ఇమ్యునో మందు పక్కన పెట్టి, రిపోర్టు వచ్చాక కలపాలా వద్దా చూస్తారు. ఇది అందరూ పాటించే పద్ధతే. పెమెట్రెక్సెడ్‌కి ముందు ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బీ12 ఇంజెక్షన్ మొదలుపెట్టాలి, అది మర్చిపోకుండా అడగండి. నీరు మళ్లీ చేరుతుంటే తీయించడం, ఎముకల నొప్పి ఎక్కువుంటే రేడియేషన్, ఇవన్నీ రిపోర్టుతో పని లేకుండా ఈ రోజే చేయొచ్చు.

డాలస్_తెలుగోడు:
నర్సు గారు చెప్పిన టెస్టు మాట నూటికి నూరు పాళ్లు నిజం. కానీ రిపోర్టులో ఏ మార్పూ లేదని వస్తే? అప్పుడు కూడా ఇమ్యునో వద్దని మీరంతా అంటే నేను ఒప్పుకోను. పీడీ-ఎల్1 అనే మరో టెస్టు ఉంది, క్యాన్సర్ కణాల మీద ఆ పేరున్న ప్రోటీన్ ఎంత ఉందో చూస్తారు, అది 50 శాతం పైన ఉండి, ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లేనివాళ్ల మీద చేసిన కీనోట్-024 ట్రయల్‌లో పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునో మందుతో మొదలుపెట్టిన గ్రూపులో ఐదేళ్ల తర్వాత దాదాపు 32 శాతం మంది బతికున్నారు, కీమోతో మొదలుపెట్టిన గ్రూపులో 16 శాతం. పైగా ఆ కీమో గ్రూపులో చాలామందికి తర్వాత ఇమ్యునో ఇచ్చారు, అయినా ఆ తేడా నిలిచింది. నాలుగో స్టేజిలో ఐదేళ్లు! పదిహేనేళ్ల కిందట ఈ మాట ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఇక్కడ మా ఆఫీసులో ఒకాయన అలా బతుకుతున్నాడు. అదే మందు మన ఊరి రైతుకి దక్కకపోతే అది అన్యాయం కాదా?

కోటప్పకొండ_గాలి:
అన్యాయమే అన్నా. కానీ ఆ అన్యాయానికి పరిహారం మా పెద్దమ్మ ఎందుకు కట్టాలి? మీ దగ్గర ఇన్సూరెన్స్ కడుతుంది, ఇక్కడ పట్టాదారు పాస్ పుస్తకం కడుతుంది. 32 శాతం అంటే మిగతా 68 మంది ఇళ్లలో ఏమైందో కూడా ఆలోచించండి. ఇంకో సంగతి, ఆ ట్రయల్స్‌లో చేర్చుకున్నది లేచి తిరగగలిగే పేషెంట్లనే. మా పెదనాన్నని వీల్‌చైర్‌లో తీసుకెళ్లి మొదటి డోసు ఎక్కించారు. ఆ లెక్క ఆయనకి వర్తించదని అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

డాలస్_తెలుగోడు:
ఈ పాయింట్ బలమైనదే. మంచం పట్టిన మనిషికి ఆ శాతాలు చూపించి డబ్బు కట్టించుకోవడం తప్పు, దాన్ని నేను సమర్థించను. పీడీ-ఎల్1 తక్కువున్నవాళ్లకి కూడా లాభం తగ్గుతుంది. కీమో, పెంబ్రో కలిపి ఇచ్చిన కీనోట్-189లో మొత్తం మీద ఐదేళ్లకి బతికున్నది 19 శాతం చిల్లర, కీమో ఒక్కటే అయితే 11. పీడీ-ఎల్1 అసలు లేనివాళ్లలో అది పది శాతం లోపే. కాబట్టి నా మాట ఇలా సరిచేసి చదవండి: మార్పులు లేవు, పీడీ-ఎల్1 ఎక్కువ, మనిషి నడుస్తున్నాడు, ఈ మూడూ ఉంటే మాత్రం నేను అప్పు చేసైనా చేయిస్తాను.

మందుల_షాపు_బెజవాడ:
తక్కువ డోసు సంగతి ఎవరూ ఎత్తలేదేం? టాటా మెమోరియల్ వాళ్లే తల, మెడ క్యాన్సర్ మీద చేశారు. నివోలుమాబ్ అనే ఇమ్యునో మందు మామూలుగా 240 మిల్లీగ్రాములు ఇస్తారు, వాళ్లు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చారు, అంటే పదో వంతు కూడా కాదు. తక్కువ మోతాదులో రోజూ, వారానికోసారి ఇచ్చే చౌక మాత్రలకి దీన్ని కలిపితే ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. ఖర్చు ఎంత తగ్గుతుందో మీరే ఊహించండి. పెంబ్రోలిజుమాబ్ సంగతి కూడా అంతే, అందరికీ 200 ఇస్తున్నారు గానీ మొదట్లో కిలోకి 2 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చినప్పుడు కూడా బాగానే పనిచేసింది. 50 కిలోల మనిషికి అది 100 మిల్లీగ్రాములే. సగం డబ్బు మిగిలినట్టే కదా.

ధర అనేది దేవుడు రాసిపెట్టింది కాదండీ. 2012లో నెక్సావర్ అనే కిడ్నీ, లివర్ క్యాన్సర్ మందు నెలకి 2.8 లక్షలుండేది, మన హైదరాబాద్ నాట్కో కంపెనీకి కంపల్సరీ లైసెన్సు (పేటెంటు వేరేవాళ్లదైనా తయారుచేసుకోమని ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఇస్తే అదే మందు 8,880 రూపాయలకి వచ్చింది. 2024 బడ్జెట్‌లో ఒసిమెర్టినిబ్, దుర్వాలుమాబ్ లాంటి మందుల మీద కస్టమ్స్ సుంకం ఎత్తేశారు. అడిగితేనే తగ్గుతాయి. పొలం అమ్మాలా వద్దా అని మన ఇళ్లలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కొట్టుకుంటున్నారు గానీ ఈ ధర ఎందుకింత అని ఎవరూ గట్టిగా అడగట్లేదు.

డే_కేర్_నర్సు:
ధరల మాట మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. తక్కువ డోసు దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ ట్రయల్ తల, మెడ క్యాన్సర్ది, పైగా తక్కువ డోసుని పూర్తి డోసుతో పోల్చలేదు, అసలు ఇమ్యునో లేని గ్రూపుతో పోల్చారు. ఏమీ ఇవ్వకపోవడం కంటే కొంచెం ఇవ్వడం మేలని దాంతో తేలింది, పూర్తి డోసుకి సమానమని తేలలేదు. లంగ్ క్యాన్సర్‌కి దీన్ని అలాగే తెచ్చి అతికించకూడదు. పూర్తి డోసు కొనలేనివాళ్లు డాక్టరుతో ఈ దారి గురించి అడగడంలో తప్పు లేదు, బరువుని బట్టి డోసు లెక్క కూడా అడగొచ్చు. కానీ షాపులో సలహా తీసుకుని డోసు తగ్గించుకోవద్దు, దయచేసి.

గుండ్లకమ్మ గారూ, ఇంకొక్కటి. నొప్పి తగ్గించే వైద్యం, అంటే పాలియేటివ్ కేర్, చివరి రోజుల్లో చేసేది అనుకుని మనవాళ్లు దూరం పెడతారు. 2010లో బోస్టన్ మాసచూసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో సరిగ్గా మీ నాన్నగారిలాంటి పేషెంట్ల మీద చూశారు. మొదటినుంచే కీమోతో పాటు పాలియేటివ్ టీమ్ కూడా చూసినవాళ్లు మధ్యస్థంగా 11.6 నెలలు, మిగతావాళ్లు 8.9 నెలలు బతికారు. చివర్లో హడావిడి వైద్యం తక్కువ, అయినా ఎక్కువ కాలం, తక్కువ దిగులుతో. ఏ మందు పెట్టించినా, పెట్టించకపోయినా ఇది మాత్రం మొదలుపెట్టండి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది, మార్ఫిన్ మాత్రలు దొరుకుతాయి, వాటి ఖర్చు చాలా తక్కువ. నొప్పితో రాత్రంతా కూర్చునే మనిషికి కీమో కూడా పట్టదు.

గుండ్లకమ్మ_ఒడ్డు:
అందరికీ థాంక్స్. అన్నయ్యకి ఇదంతా చదివి వినిపించాను. ఇమ్యునో రిపోర్టు వచ్చేదాకా ఆపుదామని ఒప్పుకున్నాడు, పొలం బేరం మాత్రం మాట్లాడుతూనే ఉంటానంటున్నాడు. అక్క ఇంకా కోపంగానే ఉంది. నాన్నకి చెప్పాలా? అమ్మ అయితే చెబితే గుండె ఆగిపోతుందని ఏడుస్తోంది.

కోటప్పకొండ_గాలి:
చెప్పండి బ్రదర్. ఆయన సంపాదించిన పొలం, ఆయన ఒళ్లు. మా పెదనాన్నకి చివరిదాకా నిమ్ము అనే చెప్పాం. అడిగుంటే ఆయన ఏం చెప్పేవాడో నాకు తెలుసు, మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఓరుగల్లు_వాసి:
నేను ఒప్పుకోను. మా అమ్మకి పేరు చెప్పకుండానే వైద్యం చేయించాం, ధైర్యంగా ఉంది కాబట్టే తట్టుకుంది. ఊళ్లో పెద్దవాళ్లకి ఆ పేరు వింటేనే సగం ప్రాణం పోతుంది.

డే_కేర్_నర్సు:
డే కేర్‌లో పక్క బెడ్లన్నీ చూశాక చాలామందికి తెలిసిపోతుందండీ, మీ అమ్మగారికి కూడా తెలిసే ఉండొచ్చు. గుండ్లకమ్మ గారూ, ఒకేసారి అన్నీ చెప్పక్కర్లేదు. మీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది నాన్నా అని అడిగి, ఆయన అడిగినంత చెప్పండి. కావాలంటే డాక్టరు ముందే ఆ మాట నడిపించమనండి.

గుండ్లకమ్మ_ఒడ్డు:
ఇప్పుడే ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. పంపిన ముక్క టెస్టుకి సరిపోలేదట. మళ్లీ బయాప్సీ అంటే నాన్న తట్టుకోలేరు, మొన్నటిదానికే భయపడిపోయారు. ఇక ఏం దారి?

డే_కేర్_నర్సు:
కంగారు పడకండి, ఇది తరచూ జరిగేదే. ముందు, ఊపిరితిత్తి చుట్టూ తీసిన నీరు ఆస్పత్రి ల్యాబ్‌లో ఉందేమో అడగండి. దాన్ని సెల్ బ్లాక్‌గా, అంటే అందులోని కణాల్ని ఒకచోట చేర్చి మైనంలో దాచే ముద్దగా, చేసి ఉంటే అందులోంచే జీన్ టెస్టు చేయొచ్చు. చేయకపోతే ఈసారి నీరు తీసినప్పుడు సెల్ బ్లాక్ చేయమని ముందే చెప్పండి. రెండోది రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ. అందులో ఈజీఎఫ్ఆర్ మార్పు కనిపిస్తే దాన్ని నమ్మి మాత్ర మొదలుపెట్టొచ్చు. కనిపించకపోతే మాత్రం లేదని అనుకోకూడదు, అప్పుడు ముక్క తీయక తప్పదు. లివర్‌లో ఉందన్నారు కదా, సూదితో అక్కడినుంచి తీయడం ఛాతీలోంచి తీయడం కంటే తేలికేమో రేడియాలజీ వాళ్లని అడిగి చూడండి. మీరు ఏపీ వాళ్లు కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవ కింద కీమో ఏ ఆస్పత్రిలో అవుతుందో ఆ పథకం సిబ్బందిని ఈలోగా కనుక్కోండి. కీమోకి అక్కడికి మారినా, ఇమ్యునో సంగతి తర్వాత ఎక్కడైనా చూసుకోవచ్చు. బయాప్సీ ముక్క దాచిన బ్లాకులు, స్లైడ్లు మీవే, అడిగి తీసుకుని దగ్గర పెట్టుకోండి.