టైమింగ్ చైన్ టెన్షనర్ ఇంట్లోనే మార్చొచ్చా?

అన్నలకు నమస్కారం. మాది హన్మకొండ. నాన్న వాడిన 150 సీసీ బండి ఇప్పుడు నేను నడుపుతున్నాను. 62 వేల కిలోమీటర్లు తిరిగింది, రోజూ పరకాల దాకా పోయి వస్తాను. పది రోజులుగా పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ ఎడమ వైపు నుంచి కటకటమని చప్పుడు. వేడెక్కితే తగ్గుతుంది, ఆక్సిలేటర్ వదిలినప్పుడు మళ్లీ వస్తుంది. ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సరిచేయించాను, ఆయిల్ మార్చాను, తేడా లేదు.

టైమింగ్ చైన్ (ఇంజన్ లోపల వాల్వులను నడిపే చైన్) వదులైందేమోనని, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ కొత్తది, గాస్కెట్ తెచ్చి పెట్టుకున్నాను. మాగ్నెట్ (ఇంజన్‌తో పాటు తిరిగే చక్రం) మీది టీ గుర్తును కేసింగ్ గీతకు కలిపి, పిస్టన్‌ను కంప్రెషన్‌లో పైకి తెచ్చాకే పాతది విప్పాలని తెలుసు. విప్పాక ఇంజన్ కాస్త తిరిగినా చైన్ పన్ను దాటి, వాల్వులు పిస్టన్‌కు తగులుతాయేమోనని భయం. నాన్న బండి, పాడు చేసుకోలేను.

కొత్తదానిలో చైన్‌ను బిగించే పుల్లను స్క్రూడ్రైవర్‌తో లోపలికి తిప్పి పట్టుకుని, రెండు బోల్టులు బిగించాక వదిలితే చాలా? లేక ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తు మళ్లీ చూడాలా? పాతదాని పుల్ల ఎంత బయటికి వచ్చిందో చూసి చైన్ సాగిందని చెప్పొచ్చా? చైన్, దాన్ని పట్టి ఉంచే గైడు కూడా మార్చాలంటే హెడ్ విప్పడం నా వల్ల కాదు, మెకానిక్‌కే ఇస్తాను. సొంతంగా చేసినవాళ్లు చెప్పండి, ఆదివారం మొదలుపెడదామనుకుంటున్నాను.