సొంత కథను దిద్దుకునేటప్పుడు మీకు ఏమనిపిస్తుంది? (రచయితల మధ్య చర్చ. పాల్గొన్నవాళ్లంతా "చిత్తుప్రతి", "పాతకలం" వంటి కలం పేర్లతో రాశారు.)

చిత్తుప్రతి:

నమస్కారం. ఆరేళ్లుగా కథలు రాస్తున్నాను. మూడు నెలల కిందట మొదటిసారిగా ఒక నవల చిత్తుప్రతి పూర్తి చేశాను. 310 పేజీలు వచ్చింది. రాస్తున్నంతకాలం ఎంత అలసటగా ఉన్నా పొద్దున్నే బల్ల దగ్గరికి వెళ్లాలనిపించేది. దిద్దడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి మాత్రం ఆ బల్ల వైపు చూడాలంటేనే మనసు వెనక్కి లాగుతోంది. ఇది నా ఒక్కడికే ఉన్న బాధా, కథలూ నవలలూ రాసేవాళ్లందరికీ ఉండేదేనా అని తెలుసుకోవాలని ఈ ప్రశ్న అడుగుతున్నాను.

మొదటి అధ్యాయాన్ని ఇప్పటికి పదకొండుసార్లు దిద్దాను. మూడో అధ్యాయం తర్వాత ఒక్క పేజీ కూడా తిరిగి చదవలేదు. ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెడతాను, నలభై పేజీలు దాటేసరికి ఓపిక అయిపోతుంది, మర్నాడు మళ్లీ మొదటి వాక్యం దగ్గరికే వస్తాను.

దీనికంటే ఎక్కువగా బాధపెడుతున్నది ఇంకొకటి ఉంది. దిద్దిన తర్వాత వాక్యం శుభ్రంగా ఉంటోంది గాని, దానిలో ప్రాణం ఉండటం లేదు. చిత్తుప్రతిలో ఒకచోట ఇలా రాశాను: "ఆమె చీకట్లోనే గిన్నెలన్నీ కడిగింది. ఒక్క గిన్నె కూడా చప్పుడు చెయ్యలేదు." రెండు వాక్యాలు ఎందుకని దాన్ని ఇలా మార్చాను: "ఆమె చీకటిలో నిశ్శబ్దంగా గిన్నెలు కడిగింది." మాటలు తగ్గాయి, చెప్పిన విషయం అదే. అయినా చదివినప్పుడు ఏదో పోయిందనిపిస్తోంది, ఏది పోయిందో చెప్పలేకపోతున్నాను. మీరు దిద్దుబాటును ఇష్టంగా చేస్తారా, తప్పదని చేస్తారా? ఎక్కడ ఆపాలో మీకు ఎలా తెలుస్తుంది?

పాతకలం:

చిత్తుప్రతి గారూ, నాకు రాయడంకంటే దిద్దడమే ఇష్టం. మొదటి ప్రతి రాసేటప్పుడు కథలో ఏం జరుగుతుందో నాకే తెలియదు గనక భయంగా ఉంటుంది, ఏ పూట ఆగిపోతుందోనన్న బెంగ ఉంటుంది. దిద్దేటప్పుడు ఆ భయం లేదు. మట్టి అంతా తెచ్చి పోసుకున్నాక కుండ చేయడానికి కూర్చున్నట్టుంటుంది.

మీరు చూపిన రెండు వాక్యాల గురించి ముందు చెప్పనివ్వండి. "నిశ్శబ్దంగా" అన్న మాట ఆమె ఎలా కడిగిందో చెబుతుంది, అంతే. "ఒక్క గిన్నె కూడా చప్పుడు చెయ్యలేదు" అన్న వాక్యం, పక్క గదిలో ఎవరో ఉన్నారని, వారు లేవకూడదని, ఆమెకు ఇది ఎన్నో రాత్రులుగా అలవాటయిన జాగ్రత్త అని చెబుతుంది. మీరు తీసేసింది ఆ పక్క గదిని. దిద్దడమంటే తగ్గించడమేనని మనలో చాలామందికి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది, దానివల్ల మంచి వాక్యాలు ఎన్నో పోతున్నాయి. ఒక వాక్యాన్ని కొట్టేసే ముందు అది ఎన్ని మాటలు తీసుకుందని కాకుండా, అది లేకపోతే పాఠకుడికి ఏది తెలియకుండా పోతుందని అడిగి చూడండి.

ఇక మొదటి అధ్యాయాన్ని పదకొండుసార్లు దిద్దడం గురించి. ముగింపు తెలియనప్పుడు రాసిన అధ్యాయం అది. నవల మొత్తం ఏమి చెబుతోందో ఒకసారి చూసుకోకుండా దాన్ని ఎన్నిసార్లు సవరించినా, ఏ ఇంటికో తెలియకుండా గుమ్మానికి నగిషీలు చెక్కినట్టే ఉంటుంది. కలం పక్కన పెట్టి, 310 పేజీలూ వరసగా, ఒక్క అక్షరం మార్చకుండా చదవండి. తప్పు కనిపించినా సరే, ఆగకండి.

అయితే ఈ చదువుకు ముందు కొంత విరామం కావాలి. రెండు వేల ఏళ్ల కిందట రోమన్ కవి హొరేస్, రాసినదాన్ని తొమ్మిదో ఏడు దాకా లోపలే ఉంచమని, బయటపెట్టనిదాన్ని చెరిపేసుకోవచ్చు గాని వదిలిన మాట వెనక్కి రాదని కొత్త రచయితలకు సలహా ఇచ్చాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని మనవాళ్లు చెప్పుకునేదీ అదే. తొమ్మిదేళ్లు ఆగమని నేను అనను. నేను రెండు నెలలు ఆగుతాను. రాసిన మర్నాడు చదివితే పేజీ మీద ఉన్నది కాక మన మనసులో ఉన్నదే కనిపిస్తుంది. ఆ గది కిటికీ, ఆ మనిషి గొంతు, ఆ రోజు ఎండ అన్నీ మనకు గుర్తుంటాయి గనక అవి కాగితం మీద ఉన్నాయనే అనుకుంటాం. రెండు నెలల తర్వాత ఆ జ్ఞాపకం కాస్త వెలిసిపోయి, నిజంగా రాసింది ఎంతో, రాశాననుకున్నది ఎంతో తేడా తెలుస్తుంది. ఆ తేడా చూడటం బాధగానే ఉంటుంది, నాకూ ఉంటుంది. కానీ దాన్ని పూడ్చడం నా చేతిలోనే ఉందన్న ఆనందం ఆ బాధకంటే పెద్దది.

కొట్టివేత:

పాతకలం గారి మాటలను గౌరవిస్తూనే నా అనుభవం వేరని చెప్పాలి. నాకు దిద్దుబాటు ఇష్టం లేదు, పదిహేనేళ్ల తర్వాత కూడా ఇష్టం కలగలేదు. రాసేటప్పుడు నా పాత్రలు నాకు మనుషులు. దిద్దేటప్పుడు వాళ్లు వాక్యాలయిపోతారు. ఆ మార్పును నేను తట్టుకోలేను. అయినా దిద్దుతాను, ఎందుకంటే దిద్దకుండా పంపిన రెండు కథలను అచ్చులో చూసుకున్నప్పుడు కలిగిన బాధ ఇంతకంటే ఎక్కువ.

మీరు చెప్పిన ప్రాణం పోవడం నాకు బాగా తెలుసు. ఒక కథను రెండేళ్లపాటు దిద్దాను. ఒక ముసలాయన తన చేతి గడియారాన్ని బాగుచేయించుకోవడానికి వెళ్లి, బాగుచేయించకుండానే తిరిగివచ్చే కథ. ఎందుకు తిరిగివచ్చాడో మొదటి ప్రతిలో చెప్పలేదు. మూడో ప్రతిలో పాఠకుడికి అర్థం కాదేమోనని ఒక వాక్యం చేర్చాను, ఆ వాక్యానికి ఆధారంగా ఒక జ్ఞాపకం, ఆ జ్ఞాపకానికి ఆధారంగా ఒక భార్య వచ్చిచేరాయి. తొమ్మిదో ప్రతికి అన్నీ సమంజసంగా ఉన్నాయి గాని, ముసలాయన మాత్రం కథలో లేడు. చివరికి పాత ఫైళ్లు వెతికి రెండో ప్రతిని బయటికి తీసి, నాలుగు మాటలు మార్చి పంపాను. అచ్చయింది అదే. అప్పటినుంచి ఏ ప్రతినీ చెరిపి రాయను. తేదీ పెట్టి వేరే ఫైలుగా దాస్తాను. వెనక్కి వెళ్లే దారి ఉందని తెలిస్తే కొట్టేసే చేతికి కొంచెం ధైర్యం వస్తుంది.

దిద్దడం మీద ఎంత విసుగు ఉన్నా, ఒక విషయం నన్ను నిలబెడుతుంది. 1929లో వచ్చిన తన యుద్ధ నవల చివరి పేజీని ముప్పై తొమ్మిదిసార్లు తిరగరాశానని అమెరికన్ రచయిత హెమింగ్వే 1958లో అచ్చయిన ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. అంత ఇబ్బంది పెట్టిన సమస్య ఏమిటని అడిగితే, మాటలు సరిగ్గా కుదరడమేనన్నాడు. 2012లో ఆ నవలను మళ్లీ వేసినప్పుడు ఆ ముగింపులన్నీ, చిన్నాపెద్దా కలిపి 47, పుస్తకం చివర అచ్చువేశారు. వాటిలో పుట్టిన బిడ్డ బతికే ముగింపు కూడా ఉంది. చివరికి ఆయన ఉంచుకున్నది, మనిషి ఆసుపత్రి నుంచి బయటికి వచ్చి వానలో హోటలుకు నడిచి వెళ్లడం మాత్రమే. ఆ స్థాయి రచయితకు కూడా మొదటిసారే కుదరలేదన్నది నాకు ఓదార్పు.

పరాయి పాఠకురాలు:

నేను కథలు రాస్తాను, ఇతరుల పుస్తకాలకు ఎడిటింగ్ కూడా చేస్తాను. ఇతరుల రాతలో పది నిమిషాల్లో కనిపెట్టే లోపం నా రాతలో పది నెలలయినా నాకు కనిపించదు. కాకి పిల్ల కాకికి ముద్దని అంటారు గాని, నా మటుకు నాకు ముద్దు ఒక్కటే కారణం కాదు. కొన్ని రోజులు ఆ పిల్ల అసలు పక్షే కాదన్నంత అసహ్యం కూడా వేస్తుంది. ఆ రెండు స్థితుల్లోనూ దిద్దకూడదని నేర్చుకున్నాను. బాగా ముద్దొచ్చిన రోజున ఏదీ తీయలేం, అసహ్యం వేసిన రోజున ఉండాల్సినదాన్ని కూడా తీసేస్తాం. చిత్తుప్రతి గారి గిన్నెల వాక్యం రెండో రకం రోజున పోయి ఉంటుందని నా అనుమానం.

కోత ఎంతదాకా వెళ్లగలదో చెప్పడానికి అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ కథల ఉదంతం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. 1981లో వచ్చిన ఆయన కథల సంపుటి ప్రతిని ఎడిటర్ గోర్డన్ లిష్ సగానికి పైగా కోసేశాడు. పుస్తకాన్ని ఆపమని కార్వర్ 1980 జూలైలో ఆయనకు ఉత్తరం రాశాడు, అయినా ఆ రూపంలోనే వచ్చింది, దానికి గొప్ప పేరు కూడా వచ్చింది. రచయిత మొదట ఇచ్చిన ప్రతి ఆయన పోయిన చాలా ఏళ్లకు, 2009లో, విడిగా అచ్చయింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే కోత ఒక కథను మెరుగుపరచడమే కాదు, వేరే కథగా కూడా మార్చేస్తుందని తెలుస్తుంది. మన రాతను మనమే దిద్దుకునేటప్పుడు, ఇది నా కథను బాగుచేస్తోందా, ఇంకెవరి కథగానో మారుస్తోందా అని ఆగి చూసుకోవాలి.

పనికి సంబంధించి ఒక్క మాట. పెద్దవాటి నుంచి చిన్నవాటికి రండి. ఏ అధ్యాయం అక్కర్లేదో తేలకముందే అందులోని వాక్యాలను నునుపు చేస్తే, తర్వాత ఆ అధ్యాయాన్ని తీసేయడానికి చేతులు రావు. వాక్యాల దాకా వచ్చాక మాత్రం బయటికి, గొంతెత్తి చదవండి. తెలుగు వాక్యంలో క్రియ చివరకు వస్తుంది గనక "వెళ్లాడు, చూశాడు, కూర్చున్నాడు, అనుకున్నాడు" అంటూ పేరా అంతా ఒకే తాళంలో పడిపోతుంది. కన్ను దాన్ని దాటేస్తుంది, చెవి దాటనివ్వదు. అలాగే ప్రతి నామవాచకానికి ముందు వచ్చిచేరే "ఒక", ప్రతి వస్తువుకూ తగిలించే "తన", పాత్ర మనసులో ఏముందో చెప్పలేక వాడుకునే "ఎందుకో అనిపించింది". నా గత నవలలో ఈ చివరి మాట డెబ్బై మూడుచోట్ల ఉంది. ప్రతిచోటా ఆగి, ఎందుకనిపించిందో నాకు తెలుసా అని నన్ను నేను అడిగితే, సగానికి పైగా చోట్ల నిజంగా తెలియదు. అక్కడ దిద్దాల్సింది వాక్యం కాదు, ఆ పాత్ర గురించి నా ఆలోచన.

నిదానం:

ఎక్కడ ఆపాలన్న ప్రశ్నకు మాత్రమే జవాబిస్తున్నాను. నిన్న తీసిన మాటను ఈరోజు పెట్టి, ఈరోజు పెట్టినదాన్ని రేపు తీస్తున్నానంటే ఆ పేజీతో నాకు పని అయిపోయినట్టే. అప్పుడు నమ్మకమైన ఒక్క పాఠకుడికి ఇస్తాను. ఎలా ఉందని అడగను. ఎక్కడ పుస్తకం మూసి పక్కన పెట్టారో పెన్సిలుతో గీత పెట్టమంటాను.

చిత్తుప్రతి:

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక, విరామం మూడు నెలలు ఎలాగూ అయింది గనక, మొత్తం ప్రింటు తీసుకుని, కలం వేరే గదిలో పెట్టి, నాలుగు రోజుల్లో 310 పేజీలూ చదివాను. మొదటి రోజు చాలా కష్టమైంది. చెయ్యి ఊరికే కలం కోసం వెతికేది.

తెలిసిందేమిటంటే నా నవల 23వ పేజీలో మొదలవుతుంది. పదకొండుసార్లు దిద్దిన మొదటి అధ్యాయమంతా, ఆ పేజీకి చేరుకోవడానికి నాకు నేను చెప్పుకున్న సంగతులు. వాటిని తీసి తేదీ పెట్టిన ఇంకో ఫైలులో దాచాను. తీసేటప్పుడు కళ్లు తడిశాయి, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. 140వ పేజీ దగ్గర, రాసింది నేనేనని కాసేపు మరిచిపోయి, తర్వాత ఏం జరుగుతుందోనని పేజీ తిప్పాను. నెలల తర్వాత మళ్లీ ఆ బల్ల దగ్గరికి వెళ్లాలనిపించింది అప్పుడే.

గిన్నెల వాక్యాన్ని పాత రూపంలోకి మార్చాను. పక్క గదిలో ఎవరు పడుకున్నారో చిత్తుప్రతిలో ఎక్కడా రాయలేదని ఇప్పుడు గమనించాను. నాకు తెలుసు గనక రాశాననే అనుకున్నాను. ఈ వారం ఆ గది తలుపు దగ్గర పని చేస్తున్నాను.