డాలస్‌లో 718 కేమన్‌కి ఇన్సూరెన్స్: కొత్తగా వచ్చాను, సలహా చెప్పండి

కొత్తగా_ఇర్వింగ్:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి వచ్చి నాలుగు నెలలైంది, ఇర్వింగ్‌లో ఉంటున్నా. వయసు 29, పెళ్లి కాలేదు. ఇంటి దగ్గర పదేళ్లు కారు నడిపాను, ఒక్క క్లెయిమ్ లేదు. చిన్నప్పటి నుంచీ పోర్షే పిచ్చి. 2019 మోడల్ 718 కేమన్ ఒకటి చూసుకున్నాను, 41 వేల డాలర్లు చెప్తున్నారు. లోన్ దాదాపు ఓకే అయింది. ఇన్సూరెన్స్ కోట్ తీస్తే ఆరు నెలలకి 3,480 డాలర్లు. కళ్లు తిరిగాయి. ఇది మామూలేనా? తగ్గించుకునే దారేమైనా ఉందా? సోమవారం సంతకం పెట్టాలి.

ప్లేనో_పాతకాపు:
తమ్ముడూ, కామ్రీ కొనుక్కో. నువ్వడిగింది అది కాదని తెలుసు, అయినా చెప్తున్నా. నేను 2004లో వచ్చాను. అప్పట్లో కొన్న కామ్రీ లక్షా ఎనభై వేల మైళ్లు తిరిగింది, ఇంజిన్ ఆయిలూ టైర్లూ తప్ప పైసా ఖర్చు పెట్టించలేదు. వచ్చి నాలుగు నెలలే, వీసా మీద ఉన్నావు, రేపు ప్రాజెక్ట్ పోతే ఆ కేమన్‌ని విమానంలో వేసుకుపోతావా?

గోదారోడు_అలెన్:
అదిగో, మొదలుపెట్టారు. కారు ఇన్సూరెన్స్ గురించి అడిగితే వీసా గురించి చెప్తారు. ఎర్ర రంగు కారు మాత్రం తీసుకోకు బాబాయ్, ఎర్ర కారుకి ప్రీమియం ఎక్కువ. అంతే.

ఫ్రిస్కో_వదిన:
ఇన్సూరెన్స్ ఏజెన్సీలో పదకొండేళ్లు పనిచేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. ముందు రంగు సంగతి. కోట్ తీసేటప్పుడు మేం ఎక్కించేది VIN అనే నంబరు, ప్రతి కారుకీ ఉండేది, అక్షరాలూ అంకెలూ కలిపి 17. అందులో మోడల్, ఇంజిన్, ఫ్యాక్టరీ ఉంటాయి, రంగు ఉండదు. ఎర్ర కారుకి ఎక్కువ అనేది పుకారు.

ఇక నీ 3,480 సంగతి. అందులో చట్టం అడిగేది కొంచెమే. టెక్సాస్‌లో తప్పనిసరి లయబిలిటీ 30/60/25. అంటే నీ తప్పు వల్ల ఎదుటి మనిషి ఒకరికి దెబ్బ తగిలితే 30 వేలు, యాక్సిడెంట్ మొత్తానికి 60 వేలు, ఎదుటివాళ్ల ఆస్తికి 25 వేలు. మిగతా బరువంతా కొలిజన్, కాంప్రహెన్సివ్‌లది, అంటే నీ కారు గుద్దుకున్నా, దొంగతనం, వడగళ్ల లాంటివాటి వల్ల నష్టపోయినా నీకు ఇచ్చే డబ్బు. కేమన్ బాడీలో స్టీలుతో పాటు అల్యూమినియం చాలా ఉంటుంది. దాన్ని ప్రతి షెడ్డులో సరిచేయలేరు. విడిభాగం ఖరీదు, గంటకి మెకానిక్ రేటు, కారు దొంగల కంట పడే లెక్క, అన్నీ కలిపి మోడల్‌ని బట్టి రేటు కడతారు.

కానీ ఆ 3,480లో సగం పైగా కారు వల్ల కాదు బాబూ, నీ వల్ల. హైదరాబాద్ పదేళ్లు చాలా కంపెనీల లెక్కలో సున్నా. నిన్ను 29 ఏళ్ల కొత్త డ్రైవర్‌గా చూస్తారు. క్రెడిట్ హిస్టరీ లేదు. ఏదో ఒక ఖాతా తెరిచి ఆరు నెలలు నిండితే గానీ ఫైకో స్కోరే, అంటే అప్పులు సరిగ్గా కడతావా అని చెప్పే అంకె, పుట్టదు. పెళ్లి కాలేదు. అందుకే సోమవారం సంతకం వద్దు. ఆరు నెలలు ఆగు. ఇక్కడ లైసెన్సు తీసుకో, చిన్న కారుకి పాలసీ తీసుకుని గ్యాప్ రాకుండా కట్టు, క్రెడిట్ కార్డు బిల్లు మొత్తం చెల్లిస్తూ ఉండు. తర్వాత అదే VIN మీద మళ్లీ కోట్ తీయించు. నా దగ్గరికి అలా తిరిగి వచ్చినవాళ్లలో చాలామందికి తగ్గింది.

కొనక తప్పదంటే లయబిలిటీ కోసి డబ్బు మిగుల్చుకోకు. 635 హైవే మీద నీ ముందున్న లెక్సస్‌నీ దాని ముందున్న టెస్లానీ గుద్దితే 25 వేలు ఎక్కడికి సరిపోతాయి? 100/300/100 పెట్టుకుని డిడక్టిబుల్‌ని, అంటే క్లెయిమ్‌లో ముందు నీ జేబులోంచి కట్టే మొత్తాన్ని, 500 నుంచి వెయ్యికి పెంచు. ఇంకోటి, పిఐపి (నీ ఆసుపత్రి ఖర్చులకి), అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ (ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే) కవర్లు వద్దంటే నువ్వు రాతపూర్వకంగా కాదనాలి. సంతకం పెట్టించుకునే హడావిడిలో ఆ కాగితం కూడా అందిస్తారు. చదివి పెట్టు.

కొత్తగా_ఇర్వింగ్:
థాంక్స్ వదినా. లైసెన్సు ఇంకా హైదరాబాద్‌దే, ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంది. అది చాలదా?

గోదారోడు_అలెన్:
ఏడాది వరకు చెల్లుతుంది, టెన్షన్ పడకు.

ప్లేనో_పాతకాపు:
చెల్లదు. ఏడాది అనేది చూడ్డానికి వచ్చినవాళ్లకి. అపార్ట్‌మెంట్ తీసుకుని, ఉద్యోగం చేస్తూ ఇక్కడే ఉంటే 90 రోజుల్లో టెక్సాస్ లైసెన్సు తీసుకోవాలి. అబ్బాయికి ఆ గడువు నెల కిందటే దాటిపోయింది.

గోదారోడు_అలెన్:
నేను వచ్చినప్పుడు తొమ్మిది నెలలు ఇండియా లైసెన్సు మీదే తిరిగా. ఎవడూ అడగలేదు.

ఫ్రిస్కో_వదిన:
పోలీసు అడగకపోవచ్చు. గుద్దినరోజు అడ్జస్టర్, అంటే నష్టం లెక్క కట్టే ఇన్సూరెన్స్ మనిషి, అడుగుతాడు.

మూడోసారి_అద్దెకి:
కారు కంటే ముందు అది ఎక్కడ పెడతావో ఆలోచించుకో. నా కథ విను, కాస్త పెద్దదే.

నాకో పాత బీఎండబ్ల్యూ ఎమ్4 ఉండేది. అపార్ట్‌మెంట్ తీసుకునేటప్పుడు లీజింగ్ ఆఫీసులో కవర్డ్ పార్కింగ్ కావాలన్నాను. నెలకి 45 డాలర్లు అదనం, స్పాట్ నంబరు 112 అని కాగితం మీద రాసిచ్చారు. సామాను దించిన రోజు వెళ్లి చూస్తే 112లో వేరేవాళ్ల పికప్ ట్రక్. ఆఫీసుకి వెళ్తే ‘సిస్టమ్‌లో పొరపాటు, వచ్చేవారం సరిచేస్తాం’. వచ్చేవారం వచ్చింది, ఇంకో వచ్చేవారం వచ్చింది. 45 మాత్రం అద్దెతో పాటు ఠంచనుగా కోసుకున్నారు. మెయిల్ పెడితే మేనేజర్ సెలవులో ఉన్నారని జవాబు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆకాశం ఆకుపచ్చగా మారింది. డాలస్‌లో ఉన్నవాళ్లకి ఆ రంగు తెలుసు. నా కారు ఆరుబయట. ట్రక్ షెడ్డు కింద.

పదిహేను నిమిషాలు వడగళ్లు. నిమ్మకాయంతవి. కారు మీద దుప్పటి కప్పుదామని గుమ్మం దాకా వెళ్లి, ఒకటి భుజం మీద పడేసరికి వెనక్కి వచ్చేశాను. పొద్దున అడ్జస్టర్ వచ్చి చారల లైటు బోర్డు పట్టుకుని, ఒక్కో సొట్టకి మైనపు పెన్సిల్‌తో సున్నా చుడుతూ పోయాడు. బానెట్ ఒక్కదాని మీదే 61. బానెట్ అల్యూమినియం, స్టీలు కంటే సొట్ట తీయడం కష్టం, రేటు ఎక్కువ అన్నాడు. రూఫ్ కార్బన్ ఫైబర్. దాన్ని లోపలి నుంచి నొక్కి సరిచేయడం కుదరదు, చిట్లితే మార్చడమే. రూఫ్ వచ్చేసరికి పదకొండు వారాలు. పాలసీలో రెంటల్ కవర్ రోజుకి 30 డాలర్లు, గరిష్ఠంగా 30 రోజులు. నెల తర్వాత అద్దె కారు డబ్బులు నావే, పార్కింగ్ 45 నావే, ఈఎంఐ నావే, కారు షెడ్డులో.

కాంప్రహెన్సివ్ ఉంది కాబట్టి వెయ్యి డిడక్టిబుల్ పోగా రిపేరు డబ్బు వచ్చింది, అది ఒప్పుకోవాలి. ఆఫీసువాళ్లని 112 గురించి అడిగితే, ‘స్పాట్ ఇస్తామన్నాం గానీ వాతావరణానికి మాది బాధ్యత కాదు’ అన్నారు. ఇప్పటికీ ఆ కాగితం నా దగ్గరే ఉంది.

ఫ్రిస్కో_వదిన:
ఆ కాగితంతో స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి (చిన్న మొత్తాల తగాదాలకి) వెళ్లాల్సింది. కనీసం నెలనెలా కోసుకున్న 45లు అయినా వచ్చేవి. బాబూ, దీన్ని బట్టి రెండు మాటలు. పాలసీలో రాత్రిపూట కారు నిజంగా ఎక్కడ ఉంటుందో ఆ జిప్ కోడే ఇవ్వు. రేటు తక్కువని ఊరవతల ఉన్న స్నేహితుడి అడ్రస్ ఇచ్చి, క్లెయిమ్‌లో దొరికిపోయినవాళ్లని చూశాను. రెండోది, లోన్ ఉంటే గ్యాప్ కవర్ తీసుకో. కారు టోటల్ అయితే, అంటే బాగుచేయించడం దండగ అనేంత పాడైతే, కంపెనీ ఇచ్చేది ఆ రోజు మార్కెట్ విలువ. అది 34 వేలు, బ్యాంకుకి ఇంకా కట్టాల్సింది 38 వేలు అనుకో, ఆ నాలుగు వేలు లేని కారుకి కడతావు.

బే_ఏరియా_బావ:
మా కాలిఫోర్నియాలో కారు ఇన్సూరెన్స్‌కి క్రెడిట్ స్కోరు చూడనే చూడరు. 1988లో ప్రాప్ 103 అని ఓటేసి తెచ్చుకున్నాం. డ్రైవింగ్ రికార్డు, ఏడాదికి ఎన్ని మైళ్లు, ఎన్నేళ్ల అనుభవం, వీటికే ముందు పీట.

ప్లేనో_పాతకాపు:
అందుకేనా మీ ప్రీమియం అంత చవక, బావా? ఇంటద్దె కూడా చెప్పు, నవ్వుకుంటాం.

బే_ఏరియా_బావ:
మా మీద వడగళ్లు మాత్రం పడవు.

గోదారోడు_అలెన్:
అయినా ఇండియాలోనే నయం. అక్కడ 1,500 సీసీ దాటిన ప్రైవేటు కారుకి థర్డ్ పార్టీ 2022లో పెట్టిన రేటు 7,897 రూపాయలు, ఇన్నోవా అయినా పోర్షే అయినా అంతే. తేడా అంతా ఓన్ డ్యామేజీలో. నీ నో క్లెయిమ్ బోనస్ లెటర్ తెప్పించుకో బాబాయ్, ఇక్కడ తగ్గిస్తారు.

ఫ్రిస్కో_వదిన:
నేను పనిచేసిన పదకొండేళ్లలో ఆ లెటర్‌ని లెక్కలోకి తీసుకున్న కంపెనీ ఒక్కటీ లేదు. తెచ్చిస్తే ఫైల్లో పెట్టేవాళ్లం.

కొత్తగా_ఇర్వింగ్:
పోర్షే వదిలేసి డాడ్జ్ చార్జర్ హెల్‌క్యాట్ తీసుకుంటే?

మూడోసారి_అద్దెకి:
వద్దు స్వామీ! 2020-22 మోడళ్ల మీద హెచ్‌ఎల్‌డీఐ (ఇన్సూరెన్స్ నష్టాల లెక్కలు తీసే సంస్థ) లెక్క తీస్తే, దొంగతనం క్లెయిముల్లో హెల్‌క్యాట్ చార్జర్ సగటు కారుకి అరవై రెట్లు. ఇన్సూరెన్స్ వాడికి ఆ పేరు చెప్పగానే కాలిక్యులేటర్ పక్కన పెట్టి నీ మొహం చూస్తాడు.

బే_ఏరియా_బావ:
కొర్వెట్ చూడు. బాడీ కాంపోజిట్, విడిభాగాలు ఇక్కడే దొరుకుతాయి, మా ఆఫీసులో ఒకాయనకి కేమన్ కంటే తక్కువే పడింది.

ప్లేనో_పాతకాపు:
కొర్వెట్ నడిపేవాళ్లంతా రిటైరైన పెద్దమనుషులు, అందుకే తక్కువ.

బే_ఏరియా_బావ:
అన్నా, నీకిప్పుడు ఎన్నేళ్లు?

కొత్తగా_ఇర్వింగ్:
డీలర్‌కి ఫోన్ చేసి సోమవారం రానని చెప్పేశాను. ఆరు నెలలు ఆగుతా. లైసెన్స్ రోడ్ టెస్ట్ వచ్చే గురువారం, ఇర్వింగ్ పక్కనే. టెస్టుకి కారు మనమే తీసుకెళ్లాలట, దానికి ఇన్సూరెన్స్ కాగితం చూపించాలట. ఎవరైనా సాయం చేస్తారా?

ప్లేనో_పాతకాపు:
గురువారం ఎన్నింటికి? ఇప్పుడున్నది రెండో కామ్రీ. ఇన్సూరెన్స్ కార్డు గ్లవ్ బాక్స్‌లోనే ఉంటుంది. పారలల్ పార్కింగ్ వచ్చా? బుధవారం సాయంత్రం గుడి పార్కింగ్ లాట్‌కి రా, రెండు ట్రాష్ డబ్బాలు పెట్టి నేర్పిస్తా.